కిరాయి కాగితం మీద రెండు పేర్లు

మెలకువగానే ఉన్నాను. ముఖం గోడవైపు తిప్పుకుని, దుప్పటి చెవుల మీదికి లాక్కుని, నిద్రలో ఉన్న మనిషి ఊపిరి ఎలా తీస్తుందో గుర్తు తెచ్చుకుంటూ అలాగే తీస్తున్నాను. ఆదివారం, ఎనిమిది దాటింది. గోడ అవతల మా ఇంటి ఓనరు ఆంటీ పూజగదిలో గంట మోగి ఆగింది. ఇవతల, నా వీపు వెనక, సుస్మిత గిన్నెలు సర్దుతోంది. ఒక్కో గిన్నెను పాత చున్నీలో చుట్టి సంచిలో పెడుతోంది, నేను ఎక్కడ లేస్తానో అని. పద్నాలుగు నెలల్లో ఒక్కరోజు కూడా తలుపు నెమ్మదిగా వేయని మనిషి, రోజుకో మూత కింద పడేయకుండా అన్నం వండని మనిషి, ఇవాళ ఇల్లు ఖాళీ చేసి పోతూ నా నిద్ర పాడు కాకూడదని చూస్తోంది. చప్పుడు చెయ్యవే అనాలనిపిస్తోంది. ఆ గిన్నెలన్నీ ఎత్తి కుదెయ్యి, నన్ను నాలుగు మాటలు అను, నేను లేచి ఇంకో నాలుగు అంటాను, అప్పుడు ఇద్దరం సమానం అవుతాం. కానీ ఆమె అనదు. ఆమెకు తెలియదు కాబట్టి అనదు. వాళ్ళ బాపు దేవరకద్ర అవతల ఊరి నుంచి ట్రాలీ ఆటో మాట్లాడుకుని బయల్దేరాడట, గంటలో వస్తాడట. ఆయన వచ్చాక కిరాయి కాగితం మీద ఆమె పేరు కొట్టేస్తామని, పక్కన నేను సంతకం పెట్టాలని ఆంటీ నిన్ననే చెప్పింది. కాగితం ఇద్దరి పేరు మీదా ఉంది, ఒకరు పోతుంటే రెండోవాళ్ళు ఒప్పుకున్నట్టు రాయాలట. ఆ గంటసేపు నేను నిద్రపోతాను. ఆ తర్వాత ఎలాగూ లేవాలి.

ఆమెతో ఉండడం ఎంత కష్టమో ఎవరికైనా చెప్పగలను, చాలామందికి చెప్పాను కూడా. నాలుగున్నరకు అలారం పెట్టుకుని తను నిద్రపోతుంది, నేను లేస్తాను. యూనిఫాం బకెట్లో నానేసి రెండు రోజులు మరిచిపోతుంది, మూడోరోజు ఆ నీళ్ళ వాసనకు నేనే ఉతికి ఆరేస్తాను, చూసి ‘నువ్వు ఉతికినవా అక్కా, నేనే ఉతికిన అనుకున్న’ అంటుంది. నా దువ్వెన, నా సబ్బు, నా చున్నీ. ఒకసారి నా చెప్పులు వేసుకుని డ్యూటీకి పోతే నేను ఆమె చెప్పులు వేసుకుని పోయాను, అవి ఒక వేలు పొట్టి, మడమ నేలకు తగులుతూ బస్సుదాకా నడిచాను. పొద్దున్నే వాళ్ళ బాపుతో ఫోను, స్పీకరు పెట్టి. కుంటుతున్న గొర్రెకు పసుపు కట్టిండ్రా, ఎర్ర మేకపోతు దొరికిందా, నిన్న ఈనిన దానికి పాలు వస్తున్నయా లేవా. ఆయన అవతలి నుంచి గాలిలో అరుస్తుంటాడు, ఈమె ఇవతలి నుంచి అరుస్తుంది, నేను దిండు చెవికి అదుముకుని ఆ మందలో ఏ గొర్రెకు ఏమైందో అన్నీ వింటాను. ఇప్పుడు కూడా అడిగితే చెప్పగలను, నల్లమచ్చల దానికి ఈసారి కవలలు. పంకా తిప్పితే ఆమెకు చలి, తిప్పకపోతే నాకు ఉక్క. ఏదీ మనసులో ఉంచుకోదు. నోటికి మూత లేదు. కడుపునొప్పి అయితే కంపెనీ బస్సులో ముప్పై మందికి తెలుస్తుంది. అన్నిటికన్నా అదే భరించలేకపోయాను. నాకు అన్నీ మూతపెట్టి ఉంచడం అలవాటు.

కానీ ఈ ఇంట్లోకి ఆమెను లాక్కొచ్చింది నేనే. జడ్చర్లలో ఒంటరి ఆడపిల్లకు అర్ర ఇవ్వరు, ఇద్దరైతే ఇస్తారు. ఒకే కంపెనీలో నేను ల్యాబులో, ఆమె ప్యాకింగులో, బస్సులో ఒకే సీటు అంతే పరిచయం. బాదేపల్లి దిక్కు మంచి ఇల్లు ఉంది, నీళ్ళు ఉన్నాయి, వస్తావా అంటే ఇల్లు చూడకుండానే ‘నువ్వు ఉంటవు గద అక్కా, వస్త’ అంది. ఆంటీ ముందు గదిలో కూర్చోబెట్టి షరతులు చెబుతుంటే నేనే కాగితం రాశాను, నా దస్తూరి బాగుంటుందని. పదిన్నరకల్లా గేటు వేయాలి. మగవాళ్ళు వస్తే వరండాలోనే. ఇంట్లోకి మాంసం, గుడ్డు తేకూడదు, వండకూడదు. ఆంటీ వాళ్ళది తరతరాలుగా మాంసం ముట్టని ఇల్లు, మా అర్ర గోడకు ఆనుకునే వాళ్ళ దేవుళ్ళు. ఆంటీ ఏమీ దాచలేదు, ముందే చెప్పింది, మేము విన్నాం. మాంసం మాట రాయడం అయ్యాక సుస్మిత నా భుజం మీదుగా చదివి నా చెవిలో నవ్వింది. ‘అక్కా, మా ఇంట్ల నూట ఇరవై గొర్లు, నేను పప్పు తిని బతకాల్నట.’ నేను ఆమె మోకాలు గిల్లాను. పైన నా పేరు, సంధ్య, కింద ఆమె పేరు. పదకొండు నెలలు అయ్యాక మళ్ళీ అదే రాసుకున్నాం, అప్పుడు కూడా నా చేత్తోనే. ఆ రెండోసారి రాసేటప్పటికి అదే గోడ పక్కన కూర్చుని మేము ఎన్నిసార్లు యాటకూర తిన్నామో నాకు తెలుసు. అక్షరం వంకర పోకుండా రాశాను.

పెట్టె జరుగుతోంది. కాళ్ళతో నెడుతుందనుకున్నాను, లేదు, ఎత్తి పెడుతోంది, బరువుకు ఆయాసపడుతోంది. రెండోవైపు పట్టుకోవడానికి ఒక మనిషి ఉంటే చాలు. ఆ మనిషి ఇక్కడే పడుకుని ఉంది. అడుగులు నా దగ్గరికొచ్చి ఆగాయి. చూస్తోంది. నిద్రలో మనిషి కనురెప్పలు కదులుతాయా? కదలనివ్వలేదు. కాసేపటికి స్విచ్చు బోర్డు దగ్గర టిక్కుటిక్కుమంది, పంకా జోరయింది. ఉక్కలో దుప్పటి కప్పుకున్నానని చూసి పంకా పెంచింది. తనకు చలి అయినా. దుప్పటి కింద నా మెడ అంతా చెమట, ఆ గాలి తగిలితే హాయిగా ఉంది, ఆ హాయికి కూడా నాకు సిగ్గేసింది.

తినాలని అడిగింది నేనే. అది మొదలు, దాన్ని ఎటు తిప్పినా నా దగ్గరికే వస్తుంది. పోయిన వానాకాలం జ్వరమొచ్చి నాలుగు రోజులు మంచం మీద ఉన్నాను, నోరంతా చేదు, క్యాంటీను పప్పు చూస్తే కడుపులో తిప్పింది. ఏం తినబుద్ధి అయితాంది అని ఆమె అడిగితే, మా ఇంట్ల జ్వరం తగ్గినంక అమ్మ యాటకూర చారు పోసేది అన్నాను. అడిగానా, ఊరికే అన్నానా అని ఈ వారం రోజులుగా వాదించుకుంటున్నాను. అడిగాను. ఆ ఆదివారమే వాళ్ళ ఊర్లో వాళ్ళ కులదేవుడు బీరప్ప పండుగ. సోమవారం పొద్దున్నే వచ్చింది, మూడంతస్తుల స్టీలు డబ్బా చీరముక్కలో గట్టిగా కట్టి, పైన కొత్తిమీర కట్ట పెట్టి. తలుపు వేసి, కిటికీ వేసి, అగరుబత్తీలు నాలుగు ముట్టించి, నేలమీద ఎదురెదురుగా కూర్చున్నాం. వాళ్ళమ్మ సత్తమ్మ నల్లగా వేయించి పంపిన తునకలు, కింది గిన్నెలో చారు, జొన్నరొట్టెలు. మూలుగ బొక్క నాకు వేసింది. అది చప్పుడు చేయకుండా జుర్రడం ఎవరికీ చేతకాదు, నేను జుర్రుతుంటే గోడ అవతల ఆంటీ స్తోత్రం చదువుతోంది, సుస్మిత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది, నేను కూడా నవ్వాను. ఈ ఊరు వచ్చాక అంత నవ్వింది ఆ రోజే. బొక్కలు కాగితంలో చుట్టి తన డ్యూటీ బ్యాగులో పెట్టుకుని పోయి రోడ్డు అవతల కుక్కలకు వేసొచ్చింది. తర్వాత ఊరికి పోయినప్పుడల్లా తెచ్చేది. తేకపోతే నేనే అడిగేదాన్ని, ఈసారి ఏం తేలేదా అని. బొక్కలు మాత్రం ప్రతిసారీ ఆమె బ్యాగులోనే పోయేవి.

మరి ఆంటీకి ఆమె మీద ఎందుకు చెప్పావే అని నన్ను నేను అడిగితే, బాపు. మా బాపు రాంచందర్, రామన్నపేటలో ముప్పై ఏళ్ళు గుంట మగ్గం మీద నేసిన మనిషి. చూపు తగ్గింది, పోగు తెగితే కనపడడం మానేసింది, హైదరాబాదులో ఒక అపార్టుమెంటుకు వాచ్‌మెన్‌గా కుదిరాడు. అది తప్పేమీ కాదు, నాకు తెలుసు. కానీ కంపెనీలో చేరిన మొదటి వారంలో ల్యాబు సీనియర్ రోజారమణి మేడం మీ నాన్నగారు ఏం చేస్తారు అని అడిగితే, చీరల వ్యాపారం అన్నాను. ఎలా వచ్చిందో నోటికి. ఒకసారి అన్నాక దాన్ని మోయాలి కదా, మోశాను, షోరూములకు వేస్తాడన్నాను, పండుగ సీజన్లో తీరికే ఉండదన్నాను. పోయిన ఆదివారం బాపు చెప్పకుండా వచ్చాడు. డ్యూటీ దిగి నేరుగా బస్సెక్కాడు, భుజం మీద తాడు, జేబు మీద కంపెనీ గుర్తు ఉన్న నీలం అంగీతోనే. గేటు దగ్గరే ఆపి, గొంతు తగ్గించి, ‘గీ అంగీ మార్చుకోని రావద్దా బాపు’ అన్నాను. బాపు మెడలో తువ్వాలు తీసి జేబు మీదుగా వేసుకుని, జారకుండా ఒక చేత్తో పట్టుకుని వరండాలో కూర్చున్నాడు. టీ కూడా రెండో చేత్తోనే తాగాడు. నేను మాటలు దొరక్క లోపలికీ బయటికీ తిరుగుతుంటే సుస్మిత ఆయన ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. మగ్గం ఎట్లుంటది పెద్దనాయినా, గుంటల కాళ్ళు పెట్టి ఏం చేస్తరు, పడుగు ఏంది, పేక ఏంది, అన్ని పోగుల్ల ఒకటి తెగితే ఎట్ల దొరకబడతరు. నేను పుట్టి బుద్ధెరిగాక బాపును ఒక్కటీ అడగని ప్రశ్నలు. చెబుతూ చెబుతూ ఆయన రెండు చేతులూ గాల్లోకి లేచాయి, నాడె విసిరినట్టు అటు ఒకటి ఇటు ఒకటి, కాళ్ళు గుంటలో తొక్కినట్టు కదిలాయి, తువ్వాలు జారి ఒళ్ళో పడింది, చూసుకోలేదు. వాకిలి దగ్గర నిలబడి నేను మాత్రం ఆ జేబునే చూశాను.

మర్నాడు బస్సులో నిండుగా జనం. సుస్మిత ఎప్పటిలాగే బస్సంతా వినపడేలా మొదలుపెట్టింది, అక్కోల్ల బాపు వచ్చిండు నిన్న, ఎంత మంచి మనిషి, ముప్పై ఏండ్లు మగ్గం నేసిండట, ఇప్పుడు పట్నంల వాచ్‌మెన్ డ్యూటీ, అయినా ఆ చేతులు చూడాల్నే మీరు, గాలిలనే చీర నేసి చూపెట్టిండు. మెచ్చుకుంటోంది. ఆమె గొంతులో మెచ్చుకోలు తప్ప ఇంకేమీ లేదు, నాకు అప్పుడూ తెలుసు. రోజారమణి మేడం ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి, ‘చీరల వ్యాపారమన్నవ్ గద సంధ్యా’ అంది, మామూలుగానే, అర్థం కాక అడిగినట్టు. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. అందరూ ఒక్కసారే కిటికీల్లోంచి బయటికి చూశారు, చూడడానికి అక్కడ కొత్తగా ఏముందని, రోజూ ఉండే హైవే, రోజూ ఉండే గోదాములు. సుస్మిత ఒక్కతే నా మొహం చూసి, ‘ఏమైందక్కా’ అంది. ఏమీ లేదన్నాను. కంపెనీ గేటు వచ్చేదాకా చేతిలో టిఫిన్ డబ్బా మూత తీస్తూ వేస్తూ కూర్చున్నాను. ఆ రోజు ల్యాబులో ఒక్క పరీక్ష కూడా మొదటిసారికి సరిగ్గా రాలేదు. నన్ను అబద్ధాలకోరును చేసిందని ఆమె మీద కోపం వచ్చింది. చేసుకున్నది నేను.

ఆ సాయంత్రం ఆమెకు ఓవర్‌టైం. నేను ఒక్కదాన్నే వచ్చాను. ఆంటీ వరండాలో చాటలో బియ్యం ఏరుతోంది. కాళ్ళు కడుక్కుని లోపలికి పోవాల్సినదాన్ని, పోలేదు, ఆమె ఎదురుగా కూర్చుని నాలుగు రాళ్ళు ఏరాను. ఆంటీయే మొదలుపెట్టింది, మీ అర్రల నుంచి అప్పుడప్పుడు అదో మాదిరి వాసన వస్తది, ఏందమ్మా అని. ఆ మాట ఆమె అడగకపోతే నేను చెప్పేదాన్ని కాదు అని కొన్నాళ్ళు నాకు నేను చెప్పుకుందామనుకున్నాను. కానీ అక్కడ కూర్చున్నదే అందుకు. ‘చెప్పబుద్ధి కాలే ఆంటీ’ అన్నాను, తల వంచుకుని, చాలా బాధపడుతున్న పిల్లలాగా. ‘సుస్మిత ఊరికి పోయినప్పుడల్లా తెస్తది. గొర్లకాపరోల్లు గద, లేకుంటె ఉండలేరు.’ గొర్లకాపరోల్లు గద. ఆ చివరి మాట ఎవరూ అడగలేదు, నేనే చేర్చాను, కూర మీద కొత్తిమీర చల్లినట్టు. ఆంటీ చాట కింద పెట్టింది. ‘నువ్వు?’ అంది. ‘నేను ముట్టను’ అన్నాను. మా ఇంట్లో యాట కోసిన రోజు అమ్మ పక్కన కూర్చుని తునకలు లెక్కపెట్టుకున్న నేను. ఆంటీ నమ్మింది. నన్ను చూస్తే అందరూ నమ్ముతారు, నెమ్మదిగా మాట్లాడతాను, తలుపు మెల్లగా వేస్తాను.

మరుసటి రోజే సుస్మితను పిలిచింది. నేను ఈ తలుపు వెనకే ఉన్నాను, బట్టలు మడతపెడుతూ, మడతపెట్టినదే మళ్ళీ విప్పి మడతపెడుతూ. సుస్మిత దాచలేదు. తెచ్చిన ఆంటీ, తప్పే, ఇగ తేను అంది. ఆంటీ గొంతు పెంచలేదు, అది ఇంకా భయంగా ఉంది, మాట మీద నిలబడని వాళ్ళు నా ఇంట్ల వద్దమ్మా, ఆదివారంకల్లా చూసుకో అంది. తర్వాత, సంధ్య కూడా తిన్నదా అని అడిగింది. నా చేతిలో మడత ఆగిపోయింది. చెబుతుంది, దాని నోట్లో ఏదీ ఆగదు, అనుకున్నాను. ‘మా బాపు మీద ఒట్టు ఆంటీ, అక్క ముట్టదు. అక్కకు వాసనే పడదు’ అంది సుస్మిత. లోపలికొచ్చి తలుపు వేసి, అదీ మెల్లగా కాదు, నా పక్కన కూలబడి, ముక్కు ఎగబీలుస్తూ, ‘నీ పేరు రానియ్యలే అక్కా, ఫికర్ చెయ్యకు. ఇద్దరం పోతే నువ్వు యాడికి పోతవు, మీదేమో రామన్నపేట ఆడున్నది. నాకైతె పాలమూరుల మా చిన్నమ్మ ఇల్లుంది’ అంది. ఆ చిన్నమ్మ ఇంటి నుంచి మొదటి షిఫ్టుకు రావాలంటే తెల్లవారక ముందే లేచి రెండు బస్సులు మారాలి, అది కూడా నాకు తెలుసు. ఎవరు చెప్పి ఉంటారో, కుక్కలకు బొక్కలు వేస్తుంటే ఎవరో చూసి ఉంటారు అని తనే అనుకుంది. అయ్యుండొచ్చు అన్నాను. థ్యాంక్స్ కూడా అన్నాను. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా దుప్పటి కింద కాళ్ళు ముడుచుకుపోతున్నాయి. థ్యాంక్స్ సుస్మితా, అన్నాను, తల మీద చెయ్యి కూడా వేశాను.

ఆటో వచ్చింది. ముందుకూ వెనక్కీ చేసి గేటుకు ఆనించి ఆగింది. ఫోనులో వినీ వినీ నాకు బాగా తెలిసిన గొంతు, ఇప్పుడు గాలి లేకుండా, దగ్గరగా, ఎంత మెత్తగా ఉందో. ‘వచ్చినం బిడ్డా.’ సుస్మిత చప్పుడు కాకుండా సంచులు ఒక్కొక్కటే బయటికి మోస్తోంది. లోపలికి రమ్మంటే ఆయన వద్దంటున్నాడు, కాళ్ళకు దుమ్ముందట, గేటు దగ్గరే ఉంటాడట. ఆంటీ నా పేరు పిలిచింది. ఒకసారి పిలిస్తే వినపడనట్టు ఉన్నాను, రెండోసారికి లేచాను. నిజంగా నిద్రలోంచి లేచినట్టు కళ్ళు నులుముకున్నాను కూడా, చూసేవాళ్ళు ఎవరూ లేకపోయినా. అర్రలో ఆమె వైపు సగం ఖాళీ. అంత జాగా ఉండేదా అక్కడ?

వరండాలో చిన్న బల్ల మీద కాగితం, పైన పెన్ను. గేటు లోపల, చెప్పులు బయటే విడిచి, తలకు రుమాలు చుట్టుకున్న బక్కపలచని ముసలాయన. బీరన్న. ఫోనులో గొంతును బట్టి చాలా భారీ మనిషి అనుకున్నాను. సుస్మిత చాప భుజాన వేసుకుని ఆటో దగ్గర నిలబడి ఉంది, నన్ను చూసి, లేపినమా అక్కా అన్నట్టు మొహం పెట్టింది. ఆయన ఆంటీకి రెండు చేతులూ జోడించాడు. తప్పైందమ్మా, మీ దేవుని గోడకాడ తినొద్దని మా పిల్లకు తెలివి లేకపాయె, మనసుల పెట్టుకోకుండ్రి అన్నాడు. ఆంటీ కూడా ఇబ్బంది పడింది, పోనీలెండి, ఆమె ఆ మాత్రం దాచకుండా చెప్పింది అంది. నాకు పెన్ను ఇచ్చింది. సుస్మిత పేరు మీద గీత అప్పటికే కొట్టి ఉంది, స్కేలు పెట్టి, నీటుగా. పక్కన నేను సంతకం చేయాలి. వంగాను. అప్పుడు ఆయన నా వైపు తిరిగాడు.

“నువ్వేనా బిడ్డా సంధ్యవు,” అన్నాడు. “నువ్వు ముట్టని దానివంట గద. ఒక్క అర్రల ఉండుకుంట ఆ వాసన ఎట్ల ఓర్సుకున్నవో. మా పిల్లతోని మస్తు తకిలీఫ్ పడ్డవు. ఏమనుకోకు తల్లీ.”

చేతులు ఇంకా జోడించే ఉన్నాయి. ఆ వేళ్ళ చివర్లు పగిలి నల్లగా ఉన్నాయి. ఆ వేళ్ళు కోసిన మాంసమే నేను తిన్నది.

“నేను తిన్న,” అన్నాను. ఎవరికీ వినపడలేదనుకుని మళ్ళీ అన్నాను. “నేను గూడ తిన్న కాకా. నేను అడిగితేనే తెచ్చింది.”

అన్న వెంటనే ఒంట్లోంచి ఏదో దిగిపోయినట్టు తేలికైంది, ఒక్క క్షణం. ఆ క్షణంలో నేను మంచిదాన్ని. తర్వాత ఆంటీ మొహం చూశాను. “ముట్టనంటివి గదా,” అంది మెల్లగా. “ఆమె తెస్తదని నాకు చెప్పిందే నువ్వాయె.” ఆటో పక్కన సుస్మిత భుజం మీది చాప జారింది, పట్టుకుంది. ఆంటీ ఆమె వైపు తిరిగింది. “నువ్వేమో మీ బాపు మీద ఒట్టు పెట్టి చెప్తివి, అక్క ముట్టదని.”

బీరన్న చేతులు విడిపోయాయి. కూతురి వైపు చూశాడు. “నా మీద పెట్టినవా?” అన్నాడు. కోపంగా అనలేదు, ఏదో వస్తువు ఎక్కడ పెట్టావని అడిగినట్టు అడిగాడు. వాళ్ళ ఊర్లో మందల దగ్గర తగవులొస్తే ఒట్టు వేయించడానికి ఈయన్నే పిలుస్తారని, ఈయన ముందు అబద్ధపు ఒట్టు ఎవరూ వేయరని సుస్మిత నాకు ఎన్నిసార్లు చెప్పిందో. సుస్మిత తల వంచుకుంది. ఆమె తల వంచుకోవడం నేను ఎప్పుడూ చూడలేదు. ఈ వారమంతా ఆంటీ ముందు, కంపెనీలో, ఎక్కడా వంచుకోలేదు. నిజం చెప్పి నేను బరువు దించుకుందామనుకున్నాను, అది పోయి నేరుగా ఆయన నెత్తిన పడింది. “నోరు మూసుకోని సంతకం పెడితే అయిపోతుండె గదక్కా,” అంది సుస్మిత, నేల చూస్తూనే.

ఆంటీ నా చేతిలోంచి పెన్ను తీసుకుంది. నా పేరు మీద కూడా గీత కొట్టింది, ఈసారి స్కేలు లేకుండా. నెలాఖరుదాకా ఉండమ్మా, ఈలోపల వేరే జాగా చూసుకో అంది. లోపలికి పోవాలనుకుని, పోలేక, అక్కడే స్తంభం పట్టుకుని నిలబడింది. ఆటో డ్రైవరు హారను ఒకసారి కొట్టి మానేశాడు. వెళ్ళిపోతారు, ఇక వెళ్ళిపోతారు, నేను లోపలికి పోయి తలుపు వేసుకోవచ్చు అనుకుంటుంటే, బీరన్న తల మీది రుమాలు తీసి భుజాన వేసుకుని, దుమ్ము కాళ్ళతోనే మూడు మెట్లెక్కి నా ముందుకొచ్చాడు.

“ఒట్టు అట్లనే ఉంచొద్దు బిడ్డా,” అన్నాడు. “ఎవల కోసం పెట్టిండ్రో వాళ్ళే తియ్యాలె. తీసి గట్టున పెట్టు.”

అని తల వంచాడు. నా ముందు. చిన్నప్పుడు రామన్నపేటలో పిల్లలం ఆటల్లో అనుకునే మాట అది, ఒట్టు తీసి గట్టున పెట్టు, అని ఒకరి నెత్తి ఒకరం తట్టి నవ్వుకుంటూ పరుగెత్తేవాళ్ళం. ఈయన నవ్వడం లేదు. నన్ను శిక్షిస్తున్నాడో, ఇద్దరు ఆడపిల్లల పరువు ఎలాగో ఒకలా గట్టెక్కిస్తున్నాడో, లేక నిజంగానే భయపడుతున్నాడో నాకు తెలియలేదు. చెయ్యి చాపాను. రుమాలు చుట్టి చుట్టి అణిగిపోయిన పలచటి వెంట్రుకలు, కింద చెమట, నడినెత్తిన ఎప్పటిదో దెబ్బ మానిన గీత. వేడిగా ఉంది. నా అరచెయ్యి ఆ తల మీద ఉంది, నాలుగు మాటలు అంటే అయిపోతుంది. ఆయన ఓపిగ్గా వంగే ఉన్నాడు, మోకాలు మీద ఒక చెయ్యి ఆనించుకుని.

“జల్ది అను,” అంది సుస్మిత ఆటో దగ్గర నుంచి. “ఎండ అయితాంది.”

ఈ పద్నాలుగు నెలల్లో చివర అక్కా అని చేర్చకుండా ఆమె నాతో అన్న మొదటి మాట అది. తిట్లలో కూడా చేర్చేది. నేను ఆమె వైపు చూశాను. ఆమె నన్ను చూడడం లేదు, వంగి ఉన్న వాళ్ళ బాపు వీపునే చూస్తోంది.

“తీసిన కాకా,” అన్నాను. “గట్టున పెట్టిన.”

ఆయన లేవబోయాడు. నా చెయ్యి ఇంకా ఆయన తల మీదే ఉంది.